ఇనబడ్తున్నదా?

2023 జూలై 27న వాన చప్పుడుకే మెలకువ వచ్చింది. మా జనగామ ప్రాంతానికి అంత వాన కొత్త. కరువు నేల మాది. చెరువు మత్తడి దూకుతుందంటే ఊరంతా కదిలి చూసొచ్చే అలవాటు. లేవగానే భూపాలపల్లి వైపున్న మా అక్కకు ఫోను చేశాను. వాళ్లది మోరంచవాగు దరి. అక్క ఫోను కలవలేదు. బావ ఫోనూ కలవలేదు. టీవీ పెడితే మోరంచపల్లి మొత్తం నీళ్లలో ఉంది. మనుషులు డాబాల మీద, చెట్ల మీద ఉన్నారు. తర్వాత సైన్యం హెలికాప్టర్లు, పడవలు వచ్చాయి. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఆ ఒక్కరోజు 616.5 మిల్లీమీటర్ల వాన పడిందని, పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లని తర్వాత లెక్కలు వచ్చాయి. మా జనగామలో ఏడాదికి పడే వానలో ముప్పాతిక వంతు అక్కడ ఒక పగలూ ఒక రాత్రిలో పడిందన్నమాట.

సాయంత్రం రోడ్డు మీద ఎవరి ఫోనో అడిగి తీసుకొని అక్క మాట్లాడింది. ఇద్దరూ క్షేమమే. వాగు ఎక్కుతుంటే బావ బర్రెలను విడవడానికి అవతలి గడ్డనున్న బాయికాడికి పోయాడట. ఈమె డాబా ఎక్కింది. మధ్యలో ఊరు వాగైపోయింది. అక్క అన్న మాట నాకు ఇప్పటికీ అట్లాగే గుర్తుంది. "తమ్మీ, ఫోను తడవలే, ఛార్జింగు గూడ ఉండె. సిగ్నలే లేకపాయె. మీ బావ అవతల చెట్టు కింద నిలవడ్డడు, కండ్లకు అవుపడ్తున్నడు. గొంతు పోయేటట్టు మొత్తుకున్న. నీళ్ల సప్పుడుకు ఇనబడ్తనే లేదు."

ఈ మాటల్లో మొదటి సగమే నా చెవికెక్కింది. సిగ్నలు లేకపోయె. ఇక టవర్లతో పని లేని సాధనమొకటి మా మధ్య ఉండాలనుకున్నాను. వాకీటాకీ. జనగామలో నా చేతిలో ఒకటి, అక్క చేతిలో ఒకటి. రెండో సగాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది.

మా పాత వరంగల్ జిల్లాలో నా వయసు వాళ్లకు వాకీటాకీ అనగానే మనసులో మెదిలేది ఆటవస్తువు కాదు. నక్సలైట్ల ఎన్‌కౌంటరు జరిగిన మర్నాడు పేపరులో వచ్చే ఫొటో. నేల మీద పరిచిన గుడ్డ, దాని మీద తుపాకులు, కిట్ బ్యాగులు, మందుల డబ్బాలు, ఆ పక్కన ఒకటో రెండో వాకీటాకీలు. ఇటు చూస్తే ఊళ్లోకి జీపు రాగానే ముందు వినిపించేది పోలీసుల మ్యాన్‌ప్యాక్ సెట్టు గరగర. ఆ గరగర వినబడితే తలుపులు దగ్గరికేసుకున్న ఇళ్లు నాకు తెలుసు. రెండు తరాల వాళ్లకు ఆ నల్లని డబ్బా భయానికి గుర్తు. అందుకే నేను కొంటానంటే మా ఇంట్లో మొదట వద్దనే అన్నారు. ఆ వద్దు అనడం తెలివితక్కువ కాదు. ఆ మాట వెనక చట్టం కూడా ఉందని తర్వాత తెలిసింది.

పట్నంలో ఒక దుకాణంలో చేతిలో ఇమిడే సెట్టు చూపించారు. రెండు వేల చిల్లర. చిన్న తెర, అంకెల మీటలు, పొట్టి రబ్బరు యాంటెనా. పది కిలోమీటర్లు ఢోకా లేదన్నాడు అమ్మే మనిషి. లైసెన్సు సంగతి అడిగితే ఏమీ అక్కర్లేదన్నాడు. ఆ రెండు మాటల్లో ఏదీ నిజం కాదు.

ఈ చవక సెట్లు 2012 ప్రాంతంలో చైనా నుంచి వచ్చిపడి ప్రపంచమంతటా కొత్తవాళ్లకు రేడియో తలుపు తెరిచిన మాట వాస్తవం. బావోఫెంగ్ యూవీ-5ఆర్ అనేది వాటిలో అందరికీ తెలిసిన పేరు. అయితే ఆ సెట్టు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా, మళ్లీ 400 పైన చాలా మేర, ఎక్కడ అంకె నొక్కితే అక్కడ మాట్లాడేస్తుంది. ఆ మేరలో పోలీసులున్నారు, రైల్వే ఉంది, ఇంకా ఎన్నో శాఖలున్నాయి. కొత్తగా పట్టుకున్నవాడి వేలు జారితే ఎవరో ప్రాణం మీదికి వచ్చి మాట్లాడుతున్న మాట మధ్యలో మన హలో పడుతుంది. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచీ లైసెన్సు లేకుండా అటువంటి సెట్టు దగ్గర ఉంచుకోవడమే తప్పు, మాట్లాడటం దాకా పోనక్కర్లేదు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం తెచ్చినప్పుడూ ఆ సూత్రాన్ని వదల్లేదు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు నోటీసులిచ్చి, వాకీటాకీలు అమ్మితే అది ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో వద్దో, ప్రభుత్వ ఆమోదం ఉందో లేదో రాయాలని మార్గదర్శకాలు పెట్టింది. కొనేవాడిని చీకట్లో ఉంచి అమ్మడం ఎంత పెరిగితే అంత దూరం వచ్చిందో ఆలోచించండి. నాకు ఆ దుకాణం మీద కోపం తగ్గలేదు. మా వైపు ఊళ్లలో ఒక కుర్రవాడు తెలియక అది నడుముకు తగిలించుకుని తిరిగితే ఏమవుతుందో, ఆ అమ్మే మనిషికి ఊహ కూడా ఉండదు.

సామాన్యుడికి దారి లేదా అంటే, ఉంది. 2018 అక్టోబరులో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య అరవాటు దాటని చిన్న సెట్లకు లైసెన్సు మినహాయించారు. ప్రభుత్వ ఆమోదపత్రం ఉన్న సెట్టు, ఆ పట్టీలో మాత్రమే పనిచేసేది కొనుక్కుంటే ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు. ఐరోపాలో గొర్రెలు కాసేవాళ్లు, కొండలెక్కేవాళ్లు చాలా ఏళ్లుగా వాడుతున్నది దాదాపు ఇదే పట్టీ.

అరవాటు అనగానే నా ఉత్సాహం నీరుగారింది. జనగామ నుంచి భూపాలపల్లి వంద కిలోమీటర్ల పైన. అరవాటుతో ఎట్లా? నాలుగైదు వాట్ల సెట్టయితే పోతుందా? మావైపు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన స్నేహితుడొకాయన కాగితం మీద గీత గీసి చూపించాడు. ఈ రేడియో మాట దాదాపు చూపులాగా పోతుంది. నేల గుండ్రన. నిలబడ్డ మనిషి చేతిలో, నేలకు మీటరున్నర పైన ఉన్న యాంటెనాకు ఐదు కిలోమీటర్ల అవతల నేల వంగిపోయి చాటైపోతుంది. అవతలి మనిషికీ అంతే. ఇద్దరిదీ కలిపితే పది. అదీ మధ్యలో చెట్టూ ఇల్లూ గుట్టా లేని బయలులో. ఎత్తు నాలుగింతలైతే ఆ మేర రెండింతలవుతుంది. అక్కతో నేరుగా మాట్లాడాలంటే రెండు చివరలా ఒక్కొక్కటి దాదాపు 180 మీటర్ల స్తంభం కావాలన్నాడు. వాట్లు పెంచి లాభం లేదట, నేల అడ్డమున్నప్పుడు.

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దీపం ఎంత పెద్దదైనా గోడ అవతల వెలుగు పడదని తెలిసి కూడా నేను దీపం సైజు బేరమాడుతున్నాను.

ఆ ఆదివారం పాలకుర్తి సోమేశ్వరుడి గుట్ట ఎక్కి చుట్టూ చూశాను. ఎన్నిసార్లో ఎక్కిన గుట్టే. ఆ రోజు మాత్రం కనబడేదంతా మాట్లాడగలిగినదిగా కనిపించింది. అదిగో ఆ చెరువు కట్ట దాకా పోతుంది, ఆ తాళ్లవనం అవతలి ఊరికి పోదు. ఊరు చూసే చూపు మారింది. ఎత్తుగడ్డలు, పల్లాలు, నీళ్ల ట్యాంకులు, చింతతోపులు. పచ్చి ఆకు నిండా నీరుంటుంది కనుక తోపు మాటను తాగేస్తుంది. బతుకంతా తిరిగిన నేలను అరవై దాటాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడంలో ఒక సంతోషం ఉంది. ఈ చిన్న డబ్బా నాకిచ్చిన మొదటి సంపాదన అదే.

బావ సింగరేణి మనిషి. భూపాలపల్లి కేటీకే గనుల్లో చేసి దిగిపోయాడు. ఆయనకు బాయి అంటే బొగ్గుబాయి. మాకు బాయి అంటే మోటబాయి, ఇప్పుడు మోటరు. మా పెళ్లిళ్లలో ఈ ఒక్క మాట మీద ఎంత గందరగోళమో. బాయికి పోయిండు అంటే మా వాళ్లు పొలం వైపు చూస్తారు, వాళ్ల వాళ్లు షిఫ్టు టైము చూస్తారు. నా రేడియో ముచ్చట చెబితే బావ విని, "బాయిల ఇది పనికిరాదు. భూమి లోపటికి గాలిమాట దిగది. మాకు వైరు ఫోన్లే. పైన ఓపెన్‌కాస్టుల డంపర్లకు, షావెల్లకు సెట్లుంటయి. అండ్ల గూడ డ్రైవర్లు ఊకె ముచ్చట పెట్టరు" అన్నాడు. అని కాసేపాగి, "బాయిల మాట కంటె చెవి పని ఎక్కువ. పైకప్పు సప్పుడు జేస్తదా అని ఇనుకుంటనే పని జేస్తం" అన్నాడు. ఏళ్ల తరబడి చీకట్లో పైకప్పు చప్పుడు విన్న మనిషి ఆ రోజు వాగు అవతల నిలబడి భార్య కేక వినలేకపోయాడు. ఆ సంగతి ఆయన అనలేదు. నేనూ ఎత్తలేదు.

వాళ్ల కొడుకు, నా మేనల్లుడు, మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో ఉంటాడు. గూడ్సు బండి గార్డు. 2022 నుంచి వాళ్లను ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ మా ఇంట్లో ఇంకా గార్డే. 2024 ఆగస్టు 31 రాత్రి పడ్డ వానకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఎక్కడి రైళ్లక్కడ ఆగిపోయాయి. ఆకేరు, మున్నేరు పొంగి ఊళ్లకు ఊళ్లు తెగిపోయాయి. ఆ వారం మేము వాడి కోసం మళ్లీ ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. వాడు ఇంటికొచ్చాక నడుముకున్న సెట్టు తీసి బల్ల మీద పెడితే, దాన్ని చూసి అడిగాను. దీంతో ఎంత దూరం మాట్లాడుతావురా అని.

"ఎంత దూరమేంది మామా, ఇంజను దాక. బండి అర కిలోమీటరు పైన ఉంటది. ముందటాయనకు ఎనక సంగతి తెల్వదు, నాకు ముందటి సంగతి తెల్వదు. ఇద్దరిది ఒక్కటే బండి."

అప్పుడు గుచ్చుకుంది అక్క మాటలో రెండో సగం. ఆమెకు ఆ రోజు కావలసింది జనగామలో ఉన్న నేను కాదు. కళ్లెదురుగా, నాలుగైదు వందల గజాల అవతల, చెట్టు కింద నిలబడ్డ మనిషి. వంద కిలోమీటర్ల మాట కోసం వెతికిన నేను ఆ కొద్ది గజాల సంగతి పట్టించుకోలేదు. అరవాటు చాలదని నేను పెదవి విరిచిన సెట్టు, వాగు ఇటు నుంచి అటు పోవడానికి ధారాళంగా చాలు.

వెంటనే ఒక జత కొన్నాను. కొనేటప్పుడు చూసుకున్నవి కొద్దివే. డబ్బా మీద 446 పట్టీ, ప్రభుత్వ ఆమోదం నంబరు. ఆపైన తడి చేత్తో, చీకట్లో, తడిమి తిప్పగలిగే మీటలు. నీటి తుంపరకు తట్టుకునే ఒళ్లు. పాడైతే మరొకటి దొరికే బ్యాటరీ. ఫోను ఛార్జరుతోనే ఎక్కే తీగ ఉంటే మరీ మంచిది, వరదలో వేరే ఛార్జరు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. పెద్ద తెర, పాటలు, లైట్లు లాంటి హంగుల జోలికి పోలేదు. రెండూ ఒకే రకం తీసుకున్నాను. వేర్వేరు కంపెనీల సెట్లు ఒకే చానల్లో ఉన్నా లోపల పెట్టే టోను కోడు కలవకపోతే ఒకరి మాట ఒకరికి రాదు, సెట్టు చెడిపోయిందని తిప్పలు పడతారు. ఆ కోడును రహస్యం అని డబ్బా మీద రాస్తారు గానీ అది రహస్యమేమీ కాదు. ఆ చానల్లో ఉన్న మూడో మనిషి మన మాట వినగలడు. కోడు చేసేదల్లా మన చెవిలో ఆ మూడో మనిషి మాట పడకుండా చూడటమే. ఇంట్లో బంగారం ఎక్కడ పెట్టావనే ముచ్చట దీంట్లో కూడదు.

నెల రోజులు మా ఇంటికీ బాయికీ మధ్య సాధన చేశాం, నేనూ నా మనుమడూ. కిలోమీటరున్నర ఉంటుంది. మక్క మోకాలెత్తు ఉన్నప్పుడు బాగా వినబడ్డ మాట, మక్క తలదాటి ఎదిగాక చేను నడుమ నిలబడితే తునకలైంది. గట్టు మీదికెక్కితే మళ్లీ కుదిరింది. జేబులో పెట్టుకుంటే ఒంట్లోని నీళ్లే సగం తాగేస్తాయి. సెట్టును నిలువుగా, మూతికి బెత్తెడు దూరంలో పట్టాలి. మీట నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరాలు తెగిపోతాయి. నొక్కి, ఒక్క ఊపిరి ఆగి, అప్పుడు చెప్పాలి. అరిస్తే మాట చిట్లుతుంది. తుపానులో కూడా మామూలు గొంతుతో మాట్లాడటం దీనికి కావలసిన విద్య. మీట నొక్కి ఉన్నంతసేపూ మనకేమీ వినబడదు, అవతలి మనిషి చస్తున్నానన్నా సరే. చెప్పడం అయిపోగానే వేలు తీసేయాలి.

మేనల్లుడు మరో రెండు సంగతులు నేర్పించాడు. పిలిచేటప్పుడు ముందు అవతలివాళ్ల పేరు, తర్వాత మన పేరు. చెప్పిన మాటను అవతలివాళ్లు తిరిగి అప్పజెప్పాలి. "సరే అంటే సరిపోదు మామా. ఏం ఇన్నడో సెప్పాలె. ఆగు అన్నది సాగు అని ఇనబడితే బండ్లకు బండ్లే పోతయి." ఊరి వాళ్ల మధ్య ఇంత మర్యాద అవసరమా అనిపించింది మొదట్లో. వారం తిరిగేసరికి మా ఇంట్లో అందరూ మామూలు మాటలు కూడా సగంలో అందుకోవడం తగ్గించారు.

అన్నిటికంటే ముఖ్యమైన పని సెట్టులో లేదు. ఏ చానలు, ఏ టైము. ఆపద వచ్చి ఫోన్లు పోతే గంటగంటకూ మొదటి ఐదు నిమిషాలు సెట్టు పెట్టుకుని వినాలి, మిగతా సేపు ఆపేయాలి, బ్యాటరీ రెండు రోజులు వస్తుంది. ఈ ఒప్పందం ఎండాకాలంలోనే చేసుకోవాలి. చీటీ రాసి సెట్టు వెనక అంటించాను.

మరి జనగామ నుంచి భూపాలపల్లి మాట? దానికి చేతి సెట్టు కాదు, హామ్ రేడియో ఉంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు చెట్ల మధ్య తీగ కట్టి మాట్లాడితే మాట పైకి పోయి, ఆకాశంలోని అయనావరణానికి తగిలి కిందికి దిగుతుంది. గుట్టలు, నేల వంపు దానికి అడ్డం కావు. హైదరాబాదులో ఎస్. సూరి 1983లో నెలకొల్పిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను మన వాళ్లకు నేర్పింది. అక్కడి నుంచి వెళ్లిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌లో హామ్ కేంద్రం నడుపుతుండగా సునామీ వచ్చింది. అండమాన్ ఫోన్లు మూగబోయిన రోజుల్లో, బతికున్నామనే కబుర్లను ఆమె, ఆమె జట్టు ప్రధాన భూభాగంలోని ఇళ్లకు చేరవేశారు. ఆ కథ చదివినప్పుడల్లా, జూలై 27 నాడు నేను కూర్చున్నట్టే ఫోను పట్టుకుని కూర్చున్న ఎంతమందికి ఆ గొంతు అందిందో అనిపిస్తుంది.

లైసెన్సుకు పరీక్ష ఉంటుంది. కాస్త ఎలక్ట్రానిక్స్, కాస్త నిబంధనలు. మొదటి మెట్టుకు మోర్సు కోడు కూడా అక్కర్లేదు. పన్నెండేళ్లు నిండితే చాలు. మా మనుమడికి పోయినేడే నిండాయి. 2025 జూలైలో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ రేడియోలో పిల్లలతో మాట్లాడాడని విన్న దగ్గర్నుంచి వాడు పుస్తకం వదలడం లేదు. నాలుగు వందల కిలోమీటర్ల పైనుంచి వచ్చే మాట చేతి సెట్టుకే అందుతుందట కదా, మరి వంద కిలోమీటర్ల నానమ్మకు ఎందుకందదు తాతా అని అడిగాడు. మా అక్కను వాడు నానమ్మ అంటాడు. నా నోటితో చెప్పకుండా వాడిని డాబా ఎక్కించాను. పైకి చూడమన్నాను, తర్వాత భూపాలపల్లి వైపు చూడమన్నాను. అడ్డమున్నవి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. చింతచెట్టు, ట్యాంకు, గుడి. తర్వాత వాడే, "భూమి" అన్నాడు.

సెట్ల జత మాత్రం అక్క ఇంటికి చేరింది. మిరుగు (మృగశిర కార్తె) నాడు చేపలు పట్టుకుని, ఆ డబ్బా పట్టుకుని వెళ్లాను. బావ ఒక సెట్టు తీసుకుని వాగు దాటి బాయికాడికి పోయాడు. వాగులో అప్పటికి చీలమండ లోతు నీళ్లు కూడా లేవు. అక్కను డాబా ఎక్కించి రెండోది చేతిలో పెట్టాను. దాన్ని చూసి, "పోలీసోళ్లు ఏమనరు గద తమ్మీ" అంది. అనరక్కా అన్నాను, చీటీ వెనక జిరాక్సు తీసి పెట్టిన ఆమోదపత్రం చూపించాను. ఆమె చదువుకోలేదు. అయినా కాగితాన్ని రెండు పక్కలా తిప్పి చూసి, మడిచి, నడుములోని తిత్తిలో పెట్టుకుంది.

మీట నొక్కింది. ఒక్క ఊపిరి ఆగమంటే ఆగింది.

"ఇగో... ఇనబడ్తున్నదా?"

వేలు తీయడం మరిచిపోయి, అవతలి గడ్డ వైపు చూస్తూ నిలబడింది. నేను మెల్లగా ఆమె బొటనవేలు మీద తట్టాను. తీసింది. గరగరమని ఒక చప్పుడు, ఆ తర్వాత పక్కనే నిలబడి మాట్లాడినట్టు బావ గొంతు.

"ఇనబడ్తున్నది. సెప్పు."

అక్క చాలాసేపు ఏమీ చెప్పలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మీట నొక్కి, ఈసారి నేను చెప్పకుండానే ఊపిరి ఆగి, "చేపల పులుసు అయింది, రా" అంది. వేలు తీసింది.

"చేపల పులుసు అయింది. వస్తున్న."